చలికాలపు వైపు

నా కొడుకు వహీద్ కట్టించిన ఇంట్లో నాకు చలికాలపు గది పెట్టలేదు. మరిచిపోయి కాదు. తెలిసే పెట్టలేదు.

ఎడారి ఊరు యజ్ద్‌లో ఇల్లంటే రెండు వైపులు, మధ్యన ముంగిలి. ముంగిలికి దక్షిణాన ఉన్న గదులకు ఎండ తగలదు. వేసవంతా అక్కడే ఉంటాం. ఉత్తరాన ఉన్న గదుల్లోకి చలికాలపు ఎండ వెనక గోడదాకా వస్తుంది. చలి మొదలవగానే పరుపులూ టీ కాచే సమోవరూ ఎత్తుకుని ఇంటిల్లిపాదీ ముంగిలి దాటతాం. మా తాత దాటాడు, మా నాన్న దాటాడు. వహీద్‌కి ఇది తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను.

వాళ్లమ్మ సెదీఖా మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో పోయింది. మండు వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది, నీళ్ల కూలర్ ఆగింది, పైకప్పు పెనంలా కాలింది. సాయంత్రానికి ఆమె లేదు. అలాంటి కప్పు వేసినవాణ్ని నేను క్షమించలేదు. నలభయ్యో రోజు ఫాతిహా చదివించాక వహీద్ అన్నాడు, "కరెంటు లేకపోయినా చల్లగా ఉండే ఇల్లు కడతాను నాన్నా." స్థలం సెదీఖాదే, పుట్టింటివాళ్లు ఇచ్చింది. ప్లాను గీసినవాడు ఆమె అన్న కొడుకు సియామక్.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక సియామక్ నేలమీద ప్లాను పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టాడు.

"చూడండి మామయ్యా, గాలిబురుజు ఇక్కడ. పైన పట్టుకున్న గాలి నేలగదిలోకి దిగి, నీళ్లతొట్టి మీదుగా వచ్చి ఈ హాల్లోకి ఎక్కుతుంది. గోడలు పచ్చి ఇటుక, మూరెడు మందం. స్నానాల నీళ్లు దానిమ్మ చెట్లకి."

"బురుజుకి నోళ్లెన్ని?"

"నాలుగు."

"మా ఊరు అర్దకాన్‌లో ఒక్కటే పెడతారు. మిగతా మూడు వైపుల నుంచీ దుమ్మొస్తుందని మూసేస్తారు."

"అది అర్దకాన్, ఇది యజ్ద్. అక్కడ మీకు బురుజులకి నోళ్లు తక్కువ, మనుషులకి అనుమానాలెక్కువ."

అందరూ నవ్వారు. నేను ప్లాను చూస్తున్నాను. ఊరి బడిలో చదివినా గీతలు నాకు తెలుస్తాయి. దక్షిణపు పక్క హాలు, దాన్ని ఆనుకుని నా పేరు. ఉత్తరపు పక్క మూడు గదులు. ఒకటి వహీద్‌కీ కోడలు మహీన్‌కీ, ఒకటి పిల్లలకి, ఒకటి మహీన్ కుట్టుపనికి. అటు నా పేరు లేదు.

అడగలేదు. అడిగితే జవాబు తయారుచేసుకుంటారు. చెప్పేదాకా చూద్దామనుకున్నాను.

గోడలు లేచాయి. రోజూ పొద్దున్నే వెళ్లి నా గది చూసేవాణ్ని. ఉత్తరపు గదుల్లో హీటర్‌కి గ్యాసు గొట్టాలు వేశారు, పొగ పోవడానికి కన్నాలు వదిలారు. నా గదిలో గొట్టమూ లేదు, కన్నమూ లేదు. గోడలకి గడ్డి కలిపిన మట్టి మెత్తుతున్న రోజున సియామక్‌ని పట్టుకున్నాను.

"నా గదిలో హీటర్ ఎక్కడ పెడతావు?"

"వేసవి గదిలో హీటర్ ఎందుకు మామయ్యా?"

"వేసవి అయ్యాక నేనెక్కడికి పోతాను?"

వాడు తలెత్తి బురుజు వైపు చూశాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు. "వహీద్‌ని అడగండి," అన్నాడు.

అప్పటినుంచి ప్రతి మాటా విడదీసి చూశాను. నేను దగ్గితే మహీన్ వహీద్ వంక చూసేది. "సముద్రపు గాలి ఊపిరితిత్తులకి మంచిదట," అని వాడు వార్తలు చదువుతున్నట్టు అనేవాడు. సామాను కట్టేటప్పుడు నా ఉన్నిబట్టలు వేరే పెట్టెలో సర్దారు. ఎందుకంటే, "విడిగా ఉంటే దొరుకుతాయని మామయ్యా," అంది మహీన్. ఎవరికి దొరకాలో చెప్పలేదు.

చివరికి నా కూతురు తాహెరా నోరు జారింది. తను సముద్రం ఒడ్డున, బందర్ అబ్బాస్‌లో ఉంటుంది. ఫోనులో గలగలా మాట్లాడుతూ, "సముద్రం వైపు గది మీకోసం ఖాళీ చేశాను నాన్నా. చలి మొదలైనప్పటినుంచి వసంతంలో నౌరూజ్ పండగ దాకా హాయిగా..." అని ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"అన్నయ్య మీకు చెప్పలేదా?"

ఫోను పెట్టేశాను. మా పెద్దవాళ్లు చలికాలానికి ముంగిలి దాటారు. నా పిల్లలు నా ముంగిలిని బందర్ దాకా సాగదీశారు.

మర్నాడు భోజనం దగ్గర అడిగాను. "ఏరా, నన్ను పంచుకున్నారట. ఎవరి వాటా పెద్దది?"

వహీద్ చేతిలో రొట్టె కింద పెట్టాడు. "పంచుకోవడమేంటి నాన్నా! మీ దగ్గుకి ఇక్కడి చలి పడదు. అక్కడ వెచ్చగా ఉంటుందని..."

"నా దగ్గుని అడిగారన్నమాట. నన్నడగలేదు."

"చెబితే వినేవారా మామయ్యా?" అంది మహీన్. "మంచినీళ్లిచ్చినా ఇందులో ఏం కలిపావంటారు."

"కలిపారు కదమ్మా!"

మహీన్ గొంతు తగ్గించి, "కుట్టుమిషను హాల్లో పెట్టుకుంటాను. ఆ గది మీరు తీసుకోండి," అంది.

"నేను పట్టుకున్నాక ఇచ్చే గది నాకొద్దు."

ఇల్లు పూర్తయింది. వేసవిలో చల్లగానే ఉంది. అది కాదనను. సెదీఖా బతికుంటే ఆ హాల్లో నీళ్లచప్పుడు వింటూ నిద్రపోయేది.

చలి మొదలైంది. ఇంట్లోవాళ్లు పరుపులెత్తుకుని ముంగిలి దాటారు. బందర్ బస్సు టిక్కెట్టు నా సమోవర్ పక్కన పెట్టి వెళ్లాడు వహీద్. నేను దాన్ని ముట్టుకోలేదు. బురుజు గాలి దిగే దారికి చెక్క అడ్డం పెట్టి, పైన మందపాటి ఉన్ని నమదా కప్పాను. అర్దకాన్ నుంచి పొట్టిబల్ల తెప్పించాను. ముంగిట్లో బొగ్గులు రాజేసి, పొగంతా పోయాక కుంపటి బల్ల కింద పెట్టి, పైన బొంత పరిచి, కాళ్లు లోపలికి చాపి కూర్చున్నాను. వీపు మాత్రం గడ్డకట్టింది.

బస్సెక్కాల్సిన రోజు పొద్దున వహీద్ వచ్చాడు. "అటు రండి నాన్నా. ఎండ బాగా పడుతోంది."

"మీ ఎండ మీరే కాచుకోండి."

"ఇక్కడ చచ్చిపోతారు."

"ఇక్కడే కదా. రోడ్డుమీద కాదు."

వాడు గుమ్మంలో చెప్పులు విప్పి నాకెదురుగా కూర్చుని, కాళ్లు బొంత కిందికి పెట్టాడు. వాడి కాళ్లు చల్లగా ఉన్నాయి. నేను నా కాళ్లు జరుపుకోలేదు. బస్సు వేళ దాటిపోయింది. వాడు ముంగిట్లోకి వెళ్లి చెల్లెలికి ఫోను చేశాడు. "నాన్న రారు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ రారు. ఆ గదిలో వేరే ఏమన్నా పెట్టుకో," అన్నాడు. నాకు వినబడాలనే గట్టిగా అన్నాడు.

నౌరూజ్‌కి తాహెరా వచ్చింది. నా చెయ్యి ముద్దుపెట్టుకుని, "నాన్నా, ఆ రోజు సంగతి..." అంది. టీ పొయ్యమన్నాను. సియామక్ ఆ మాట ఎత్తబోతే లేచి అవతలికి వెళ్లాను. ఎవరు ఎలా చెప్పుకుంటారో నాకనవసరం. జరిగింది ఇది. దీని గురించి ఇక నేను మాట్లాడను.