గోడ పగలగొట్టే పోటీ

మా దుకాణం పక్కనున్న బ్యాంకు మూతపడిన రోజున ఊరంతా కళ్లొత్తుకుంది. నేను మాత్రం టేపు తీసుకుని మధ్య గోడ కొలిచాను. ఏడవడానికి ఎప్పుడైనా తీరిక దొరుకుతుంది. ఖాళీ అయిన చోటు ఎవరికోసమూ ఆగదు.

నాది వెల్ష్ కేకుల వ్యాపారం. పిండి, వెన్న, ఎండు ద్రాక్ష, కాస్త జాజికాయ, వేడి ఇనుప పెనం, ఇంతే పెట్టుబడి. కార్డిఫ్ కాఫీ దుకాణాలవాళ్లు ఎన్ని పంపితే అన్నీ తీసుకుంటామంటున్నారు. కానీ నా పెనం సాగదు కదా. బ్యాంకు గది అద్దెకు తీసుకుని, గోడ తీసేసి, వంటగదిని అటు జరిపి, గ్యాసుతో నడిచే పొడవాటి పెనం ఒకటి బిగిస్తే, రోజుకి ఇప్పటికి నాలుగింతలు కాల్చవచ్చు. బ్యాంకువాళ్ల ఇనుప గదిలో వెన్న దాచుకోవచ్చు. మా లోయలో ఈ మధ్య దొంగలు ఆశపడదగ్గ వస్తువు వెన్న ఒక్కటే.

ఈ లెక్కలో నాకంటే ఎక్కువ చిక్కుకున్నది డెలిత్. నా దగ్గర పూటపనికి వస్తుంది. ఆమెలా కేకు తిప్పగలిగినవాళ్లు మా లోయలో లేరు, పక్క లోయలో ఉన్నారని విన్నాను కానీ నమ్మను. పూటపని జీతంతో ఇల్లు గడవక, హైవే పక్కనున్న పెద్ద గోదాములో ఉద్యోగానికి రాసింది. వచ్చింది. బస్సులో పోనూ రానూ మూడు గంటలు. సోమవారం సాయంత్రంలోగా వస్తావో రావో చెప్పమన్నారు.

"అక్కా, నువ్వు పూర్తిపని ఇస్తానంటే నేను కదలను," అంది. "ఇవ్వలేనంటే చెప్పెయ్. బస్ పాస్ కొనుక్కుంటా."

పూర్తిపని ఇవ్వాలంటే గోడ పోవాలి. గోడ పోవాలంటే ప్రభుత్వం చెయ్యి కలపాలి. చిన్న వ్యాపారాలకు సాయం చేసే పథకం ఒకటి ఉందని విని కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఓషియన్ పెన్రీ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. వాళ్లమ్మ నా పాత గిరాకీ. అందుకని రెండో కేకు తినేసరికే నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టాడు.

"ఖర్చులో డెబ్బై శాతం ప్రభుత్వం ఇస్తుంది ఆంటీ. మొత్తం పని యాభై వేల పౌండ్లు దాటకూడదు. ముగ్గురు మేస్త్రీలు విడివిడిగా ఇచ్చిన కొటేషన్లు కావాలి. ఎవరు తక్కువ చెబితే వాళ్లకే పని. సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపెయ్యాలి."

"ఒకటి చాలదా నాయనా? నా ఇంటి కప్పు ఎప్పుడు కారినా ఇడ్వాలే కదా ఎక్కేది."

"మూడు, ఆంటీ."

"ఊళ్లో ఉన్నదే ముగ్గురు మేస్త్రీలు!"

"మరింకేం, సరిగ్గా సరిపోయారు," అని మూడో కేకు అందుకున్నాడు.

సరిపోవడం ఎక్కడ? ఇడ్వాల్, హెవిన్, ఎల్వెడ్ ముగ్గురూ మా చాపెల్‌లో, అదే మా చిన్న చర్చిలో, పాడే బృందంలో ఒకే వరుసలో నిలబడతారు. ఒకడికి దగ్గొస్తే మిగతా ఇద్దరూ గొంతు పెంచి కప్పిపుచ్చుతారు. అలాంటివాళ్లను ఒకరి మీద ఒకరు ధర తగ్గించమంటే ఏమవుతుందో ముందే ఊహించాల్సింది. నా బుద్ధి అప్పుడు పెనం మీద ఉంది.

ముందు హెవిన్ దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు ఇడ్వాల్ మనిషివి కదా టెగ్వెన్!"

"నేనెవరి మనిషినీ కాదు. నా డబ్బు నా మనిషి. ధర చెప్పు."

"ఇడ్వాల్ గిరాకీని నేను లాక్కుంటానా? మంగళవారం రిహార్సల్లో వాడి పక్కన ఏ మొహంతో నిలబడమంటావ్?"

"లాక్కోవద్దు. ఒట్టి ధర రాసివ్వు. చాలు."

ఎల్వెడ్ మాటలు తక్కువ మనిషి. అదే అభ్యంతరం అతను తల అడ్డంగా ఊపి చెప్పాడు. చివరికి ఇద్దరూ సరేనన్నారు. ఇడ్వాల్ అయితే అడగ్గానే ఒప్పుకున్నాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

కొటేషన్లు వచ్చాయి. హెవిన్ ఎనభై వేల పౌండ్లు వేశాడు. ఎల్వెడ్ తొంభై వేలు. పని ఇడ్వాల్‌కే పోవాలని ఇద్దరూ కొండెక్కించారన్నమాట. పోనీ, ఇడ్వాల్ కాగితం ఉంది కదా అని విప్పాను. లక్ష పౌండ్లు!

నేరుగా ఇడ్వాల్ పెరట్లోకి వెళ్లాను.

"ఏంటయ్యా ఇది? గోడ పగలగొడతావా, బంగారంతో గోడ కడతావా?"

"కోప్పడకు తల్లీ. పాపం, హెవిన్‌కి చలికాలమంతా పని లేదు. వాడికి దక్కాలని నేనే కాస్త ఎక్కువ వేశాను. మంచి పనివాడు, నీకు లోటు రానివ్వడు."

అక్కడే ఇటుకల మీద కూలబడి నవ్వాను. కోపం రావాల్సింది, నవ్వే వచ్చింది. ఎక్కువకి అమ్మాలని చూసేవాడితో నాకు బేరం తెలుసు. తక్కువకి కొనాలని చూసేవాడితోనూ తెలుసు. ఓడిపోవడానికి పోటీపడే ముగ్గురితో బేరం ఎలా ఆడాలో ఏ సంతలోనూ ఎవరూ నేర్పలేదు.

ఓషియన్‌కి ఫోన్ చేసి మూడు అంకెలూ చదివాను. అటువైపు ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు, తర్వాత పగలబడి నవ్వు.

"నవ్వకు, ఇక్కడ డెలిత్ నా చెయ్యిజారిపోతోంది!"

"సారీ ఆంటీ. కానీ ఇవి నేను కమిటీకి పంపలేను. నిజమైన ధరలు కావాలి. ఒకరిది ఒకరికి తెలియకుండా రాయాలి. సోమవారం పన్నెండు, గుర్తుంది కదా?"

అప్పటికి గురువారం. ఆ రోజంతా డెలిత్ కేకులు తిప్పింది. సాయంత్రం ఏప్రన్ విప్పుతూ, "శనివారం ఐస్టెడ్‌వోడ్‌లో పాటల పోటీలకీ పద్యాల పోటీలకీ వచ్చేవాళ్లకి టీ సంగతి మనమే చూడాలా అక్కా?" అని అడిగింది.

 గరిటె పక్కన పెట్టాను. ఒకరిది ఒకరికి తెలియకుండా! చాపెల్ ఐస్టెడ్‌వోడ్‌లో పద్యాల పోటీ జరిగేది ఎలాగ? మారుపేరు పెట్టి, కవరు మూసి ఇస్తారు. వేదిక మీద తీర్పు చదివేదాకా రాసింది ఎవరో న్యాయనిర్ణేతకు కూడా తెలియదు. నిరుడు హెవిన్ సొంత అన్న పద్యాన్ని ఓడించి ఊరంతా ఊరేగాడు. రోడ్డు మీద ఒకరికొకరు దారి వదిలే మనుషులు ఐస్టెడ్‌వోడ్‌లో మాత్రం సూది మొనంత చోటు ఇవ్వరు. మారుపేరుతో గెలిస్తే అది గిరాకీని లాక్కోవడం కాదు. కళ.

వెంటనే మిస్ నెరిస్ బోవెన్ ఇంటికి పరిగెత్తాను. పోటీలకు పెద్ద ఆవిడే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జిల్లాలో బళ్లూ ఆస్పత్రులూ కట్టే ఖర్చు లెక్కగట్టిన మనిషి. నేను చెప్పింది విని కళ్లజోడు తీసి తుడిచింది.

"పద్యాల పోటీకీ పిల్లల పాటకీ మధ్యన గోడ కూల్చే ఎస్టిమేటు పెట్టమంటావా?"

"అవునండీ. తీర్పు మీరే."

"ఎస్టిమేటులో ఛందస్సు ఉంటుందా?"

"ఉండదు. లెక్క ఉంటుంది. లెక్క తప్పితే మీరు ఏకిపారెయ్యొచ్చు."

చివరి మాట ఆవిడకు బాగా నచ్చింది. "గెలిచినా ఓడినా రాసిన ధరకు కట్టుబడి సంతకం పెట్టాలని షరతు పెట్టు. టీ, కేకులు ఉచితమేనా?"

ఉచితం అన్న మాట నా నోటి నుంచి రావడం ఊళ్లో చాలామంది వినలేదు. ఆ రోజు ఆవిడ విన్నది. వ్యాపారంలో దాన్ని ఖర్చు కింద రాసుకోవాలి.

శుక్రవారం పోస్టాఫీసు తలుపు మీద ప్రకటన అంటించాం. మధ్యాహ్నానికల్లా హెవిన్ నా దుకాణం ముందు అటూ ఇటూ తిరుగుతూ, ఎవరూ చూడట్లేదనుకుని గోడ కొలుస్తున్నాడు. అతను వెళ్లగానే ఎల్వెడ్ వచ్చాడు. ఇడ్వాల్ అయితే కేకులు కొనే నెపంతో వచ్చి, గోడను వేళ్లతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. కేకులు మర్చిపోయి వెళ్లిపోయాడు. డబ్బు ఇచ్చే వెళ్లాడు లెండి.

శనివారం చాపెల్ కిటకిటలాడింది. ఓషియన్ కూడా వెనక వరుసలో వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. టీ అయ్యాక మిస్ బోవెన్ వేదికెక్కి మూడు కవర్లు బల్ల మీద పరిచింది.

"ముందుగా 'వానపిట్ట'," అంది. "నలభై ఏడు వేలు. చక్కటి దస్తూరి. కానీ మిగతా గోడలకు మూడుసార్లు రంగు వేస్తాడట. ఎందుకు? వానపిట్టకు గోడ మీద ప్రేమ కలిగిందా?"

చాపెల్ గొల్లుమంది. హెవిన్ షూ లేసు కట్టుకోవడానికి వంగి, చాలాసేపు లేవలేదు.

"ఇక 'పాత సుత్తి'. నలభై ఐదు వేలు. చెయ్యి తిరిగినవాడే. కానీ కూల్చిన ఇటుకలు మోసుకెళ్లే లారీ ఎక్కడ? మర్చిపోయాడు. ఇటుకలు వాటంతట అవే స్వర్గానికి ఎగిరిపోతాయనుకున్నాడేమో. లారీ మర్చిపోయి కూడా ఇంత ధర వేయడానికి ధైర్యం కావాలి."

ఇడ్వాల్ చెవులు ఎర్రబడ్డాయి. అతని భార్య నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

"చివరిది 'కొండ గాలి'." ఆవిడ గొంతు మారింది. "నలభై నాలుగు వేలు. లారీ ఉంది. కరెంటు ఉంది. గ్యాసు గొట్టం ఉంది. దుమ్ము కేకుల మీద పడకుండా పరదా కూడా ఉంది. వృథా పదం ఒక్కటి లేదు. ముప్పై ఏళ్లు ఎస్టిమేట్లు చదివాను. ఇలాంటి ఎస్టిమేటు దొరికితే ఆ రోజు సెలవు పెట్టి ఇంటికెళ్లేదాన్ని. కొండ గాలి, ఒక్క కొండ గాలే, లేచి నిలబడాలి!"

ఆర్గన్ మోగింది. అందరూ మెడలు తిప్పారు.

ఎవరూ లేవలేదు.

ఆర్గన్ మళ్లీ మోగింది. నా పక్కన డెలిత్ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. నాకు అర్థమైంది. లేచాడంటే, ఇడ్వాల్ గిరాకీని లాక్కున్నది వీడేనని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. మర్యాద మళ్లీ అడ్డంగా కూర్చుంది, నా పెనం మీదే. లేవకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే మూడో కొటేషన్ లేదు.

మిస్ బోవెన్ కళ్లజోడు పైనుంచి చూసింది. "కొండ గాలి ఆగిపోయిందా?"

అప్పుడు లేచాడు ఇడ్వాల్. గెలిచినవాడిగా కాదు. మొహమంతా కందగడ్డలా చేసుకుని.

"ఎవడ్రా వాడు?" అని అరిచాడు. "నన్ను ఓడించినవాడు దాక్కుంటాడా? వాడు లేవకపోతే, దాని మీద గెలిచానని చెప్పుకోవడానికి కూడా పనికిరాని ఎస్టిమేటు నాదని అర్థం! నా పరువు తీస్తార్రా? లే! నీ మొహం చూడాలి!"

ఎల్వెడ్ మెల్లగా లేచాడు. టోపీ చేతుల్లో నలిపేస్తూ, ఆ రోజు మొత్తానికి తన మొదటి మాట అన్నాడు.

"పరదా నా భార్య చెప్పింది."

ఇడ్వాల్ బెంచీలు దాటుకుంటూ వెళ్లాడు. కొడతాడేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. ఎల్వెడ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "లారీ ఎంతకి మాట్లాడావ్ రా? నా దగ్గర ఎప్పుడూ ఎక్కువ గుంజుతారు వెధవలు!" ఆ మాట విని హెవిన్ షూ లేసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మిస్ బోవెన్ ఎర్ర పట్టు సంచీ తెచ్చి ఎల్వెడ్ మెడలో వేసింది. ఐస్టెడ్‌వోడ్‌లో గెలిచినవాళ్లకు వేసేది అదే, లోపల ఐదు పౌండ్ల బహుమతి. నలభై నాలుగు వేల పని దక్కినందుకు కాదు, ఆ సంచీ కోసం ఎల్వెడ్ కళ్లు తడిశాయి. ఆ వెంటనే ముగ్గురూ అదే బల్ల మీద తమ తమ కాగితాలకు సంతకాలు పెట్టారు.

వెనక వరుస నుంచి ఓషియన్ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతున్నాడు. నేను వెళ్లి చెవిలో అడిగాను.

"ఇది చెల్లుతుందా నాయనా?"

"మూసిన కవర్లు, ఒకరివి ఒకరికి తెలియని ధరలు, బయటి మనిషి తీర్పు! ఆంటీ, మా ఆఫీసులో కూడా ఇంత పద్ధతిగా జరగదు. మధ్యలో పిల్లలు పాట పాడకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు."

సోమవారం పదకొండుకే కాగితాలు పంపేశాను. కమిటీ మధ్యాహ్నం కూర్చుంటుందన్నాడు. అందుకని దుకాణంలో ఎవరికీ చెయ్యి ఆడలేదు. డెలిత్ ఒక పెనం కేకులు మాడ్చింది. ఆమె చేతిలో కేకు మాడటం నేను చూడటం అదే మొదలు. నాలుగు కావస్తుండగా ఫోన్ మోగింది.

"ఒప్పుకున్నారు ఆంటీ!" ఓషియన్ అరుపు ఫోన్ దాటి పిండి డబ్బాల దాకా వినిపించింది.

డెలిత్ నన్ను నడుము పట్టుకుని గిరగిరా తిప్పింది. పిండి లేచింది. వరుసలో ఉన్న గిరాకీలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో నేను, "అందరికీ సగం ధర! ఐదింటి దాకా!" అని అరిచాను. ఉచితం అనలేదు. ఉచితం శనివారమే అయిపోయింది.

"పూర్తిపని అంటే శనివారం కూడానా అక్కా?" డెలిత్ ఊపిరి తీసుకోకుండానే అడిగింది. "అయితే గంటకి ఇంకో పౌండు వెయ్యాలి. గోదామువాళ్లు శనివారం ఎక్కువే ఇస్తామన్నారు."

"ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి!"

"ముందు నువ్వు ఊ అను!"

ఊ అన్నాను. వరుసలో ఉన్నవాళ్లంతా సాక్షులుగా ఉండగా ఏం చెయ్యను? డెలిత్ గోదాముకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. యంత్రం మాట్లాడింది. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, ఏదో సంగీతం వినిపించింది. కేకులు అందుకున్నవాళ్లు కూడా కదలలేదు. ఎట్టకేలకు మనిషి గొంతు పలికింది, ఉద్యోగం వద్దనడానికి కారణం ఏమిటని మర్యాదగా అడిగింది.

డెలిత్ పిండి చేతులతో నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది.

"నాకు తీరికుండదండీ," అంది. "మేం బ్యాంకు గోడ పగలగొడుతున్నాం."