మామగారి బురద, అల్లుడి లెక్క

అల్లుడు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. అతని లెక్క ప్రకారం కొత్త చమురు బావి ధారాళంగా పారాలి. అదేమో పిసినారి దానంలా చుక్కచుక్కగా రాలుస్తోంది. బావి చుట్టూ రాతి రంధ్రాలు పూడుకుపోయి చమురుకు అడ్డం పడుతున్నాయి. ఆ అడ్డాన్ని కొలిచే అంకెను ఈ పనిలో స్కిన్ అంటారు. ఏ అడ్డమూ లేకపోతే సున్నా. ఇక్కడ పన్నెండు తేలింది.

పన్నెండంటే తవ్వేటప్పుడు బావిలో పోసిన బురదే రాతిలోకి చొరబడిందన్నమాట. ఆ బురద కలిపింది సాక్షాత్తూ మామగారు. అల్లుడు ఉంటున్నదీ ఆయన ఇంట్లోనే. మర్నాడు మీటింగులో ఆ అంకె చెప్పాలి. దాన్నిబట్టే పూడిక కరిగించడానికి ఎంత ఆసిడ్ పంపాలో తేలుస్తారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారే కదిపారు.

"ఎంతొచ్చిందోయ్?"

"పన్నెండండీ, మామయ్యగారూ."

ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. "పన్నెండా! జుట్టు నెరిసేదాకా బురదే కలిపాను. నాలుగని వెయ్యి."

"లెక్క కదండీ!"

"సరే, ఆరు. నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

"బేరమాడ్డానికి అవేమన్నా వంకాయలా, నాన్నా?" అంది కూతురు.

"నువ్వుండవే. ఇంట్లో పెట్టుకుంటే నాకే ఎసరు పెడుతున్నాడు మీ ఆయన!"

"మా పెళ్లైన కొత్తలో వంటింటి తూము పూడ్చిందెవరో కూడా అడుగు, బాబూ," అన్నారు అత్తగారు, కూర వడ్డిస్తూ.

మీటింగుకు ముందు అల్లుడు బుద్ధి గడ్డి తిని ఆరు వేసి చూశాడు. తెరమీద కంప్యూటర్ మోడల్ గీసిన గీత ఒక దారిన పోయింది, బావిలో కొలిచిన అంకెల చుక్కలు ఇంకో దారిన పోయాయి. ఆరుకు సరిపడా ఆసిడ్ పోస్తే పూడిక సగమే కరుగుతుంది. ఆ తర్వాత బావి దండగని మూసేసినా మూసేస్తారు. మీటింగులో ఎదురుగా మామగారు మిటకరించి చూస్తున్నా, కళ్లు మూసుకుని "పన్నెండు" అనేశాడు.

ఆపైన ఇంట్లో మాటల్లేవు. "మీ ఆయన్ని ఆ ఫ్యాను కట్టమను," అనేవారు మామగారు, ఫ్యాను కిందే కూర్చున్న అల్లుడి మీదుగా.

ఆసిడ్ పోశారు. బావి ఉరకలేసింది. మళ్లీ కొలిస్తే స్కిన్ మైనస్ ఒకటి, అంటే చమురుకు మామూలు రాతిలోకంటే కూడా దారి సులువైంది.

ఆ రోజు మామగారు వీధి మొదట్నుంచే కేకేసుకుంటూ వచ్చారు. "అల్లుడూ! సున్నాకంటే కిందకి పోయిందటగా! అదీ నా బురదంటే! ఇంకొకడిదైతే అంత మర్యాదగా వదిలేదా?"

ఆసిడ్ అన్న మాట అల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎక్కడ వదిలేదండీ!" అన్నాడు.