జున్నును తోటకు పంపిన సంగతి

పుష్పవతి ఇంట్లో పనికిరాని వస్తువు ఏదైనా సరే, చివరికి చేరేది తోటకే. కాలు విరిగిన మంచం, సొట్టపడిన బిందె, తిరగడం మానేసిన టేబుల్ ఫ్యాను, వెలిసిపోయిన చీరలు, పులిసిపోయిన పెరుగు, అన్నీ ఒకదాని వెనక ఒకటి రెడ్డిగూడెం రోడ్డులోని మామిడితోటకు ప్రయాణం కట్టేవి. అక్కడ పాకలో సలోమోను, సవరమ్మ అనే మొగుడూపెళ్లాలు పదిహేనేళ్లుగా కాపలా ఉంటున్నారు. "పాపం, వాళ్లకి పనికొస్తాయిలెండి" అనేది పుష్పవతి, అదేదో పెద్ద దానం చేస్తున్నట్టు. పనికొచ్చాయా లేదా అని సవరమ్మను అడిగిన పాపాన మాత్రం పోలేదు. ఆ అలవాటే ఆమె పరువు తీసింది. ఎవరి దగ్గరో కాదు, తన దగ్గరే.

జున్ను ఆమె పిల్లి. రెండేళ్ల కిందట వానలో తడిసి ముద్దయి గేటు పక్కన దొరికింది. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి గానీ మళ్లీ బయల్దేరని మనిషి పుష్పవతి. అలాంటిది, దీన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంది. అప్పుడే విరిగిన జున్నుపాల రంగు కాబట్టి ఆ పేరు పెట్టింది. పూజగదిలో తప్ప ఇల్లంతా తిరిగే హక్కు ఇచ్చింది. ఆమె భర్త వెంకటకృష్ణారావు కుర్చీలో జున్ను పడుకుంటే, పాపం ఆయనే వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు.

ఈ ఏడు జనవరిలో, తోట నిండా పూత విరగబూసినప్పుడు, జున్ను తిండి మానేసింది. నాలుగు రోజుల్లో ఎముకలు తేలాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. పుష్పవతి దాన్ని బుట్టలో పెట్టుకుని ఆటోలో నూజివీడు వెళ్లి, పశువుల డాక్టరు ఆనంద్ బాబుకు చూపించింది. ఆయన రెండు చుక్కల రక్తం తీసి చిన్న కిట్టులో వేసి చూశాడు.

"ఫెలైన్ లుకేమియా అంటారండీ దీన్ని. రక్తానికి పట్టే వైరస్. పూర్తిగా తగ్గే మందు లేదు."

పుష్పవతి బుట్టను దగ్గరికి లాక్కుంది. "ఇంట్లో మనుషులకి అంటుకుంటుందాండీ?"

"మనుషులకి రాదు, కుక్కలకి రాదు. పిల్లి నుంచి పిల్లికే. ఉమ్మిలో ఉంటుందండీ. ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాక్కున్నా అంటుకుంటుంది. కూనలైతే అసలు తట్టుకోలేవు. ఇంకో పిల్లి మొహం చూడకుండా ఇంట్లోనే ఉంచండి. బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి బతకొచ్చు."

చూసుకుంది, కాదనకూడదు. మూడు వారాలు చంటిబిడ్డను సాకినట్టు సాకింది. చికెన్ ఉడకబెట్టి, ఎముకలు తీసి, మెత్తగా చిదిమి వేలితో నాకించింది. పొద్దున్నా సాయంత్రం డ్రాపరుతో టానిక్ పట్టింది. నోట్లో పుండ్లకు మందు రాస్తుంటే జున్ను గోళ్లతో గీరినా కిమ్మనలేదు. జున్ను మెల్లగా కోలుకుంది. మళ్లీ కృష్ణారావు కుర్చీ ఎక్కింది.

అప్పుడు వచ్చింది కూతురు కీర్తిప్రియ ఫోను. ఏడో నెల. పురిటికి పుట్టింటికి రావాలి.

"అమ్మా, పిల్లికి ఏదో వైరస్ అన్నావు కదా, నోరు జారి అత్తయ్యగారితో అనేశాను. అలాంటి ఇంటికి ఎలా పంపిస్తాం అంటున్నారు."

"మనుషులకి రాదని డాక్టరే చెప్పాడే!"

"నువ్వొచ్చి చెప్పు ఆవిడకి."

వియ్యపురాలికి చెప్పేంత ధైర్యం పుష్పవతికి ఎక్కడిది? డాక్టరును ఫోనులో కలిపి మాట్లాడించవచ్చు. ఒక గది జున్నుకు వదిలేయవచ్చు. ఈ రెండూ ఆమెకు తర్వాత తోచాయి, తోచి లాభం లేనప్పుడు.

"గోనెసంచిలో వేసి జి. కొండూరు అవతల వదిలేసొస్తా. ఊళ్లో అందరూ చేసేదేగా" అన్నాడు కృష్ణారావు.

"పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారండీ. నాకొద్దు ఆ పాపం."

"చంపుతానన్నానా? వదిలేస్తానన్నాను."

"రెండూ ఒకటే" అంది పుష్పవతి. ఆ వెంటనే ఆ ఇంటి పాత మాట దానంతటదే నోట్లోకి వచ్చేసింది. "తోటకి పంపుదాం."

మర్నాడు తనే బుట్టతో బయల్దేరింది. పాక ముందు సవరమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. కాలు విరిగిన మంచానికి సలోమోను కర్ర కట్టి నిలబెట్టాడు. ఆ మంచం కింద సవరమ్మ పెంచుకుంటున్న నల్లపిల్లి పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర మూడు కూనలు, అప్పుడే కళ్లు తెరిచినవి, ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగుతున్నాయి.

పుష్పవతి ఆ కూనల్ని చూసింది. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. అవి చూడముచ్చటగా ఉన్నాయని కూడా అనుకుంది. డాక్టరు మాట చెవిలో గింగురుమంది.

"అమ్మాయి పురిటికొస్తోంది సవరమ్మా. జున్నుని కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో."

"అయ్యో, అంతకన్నానా అమ్మగారూ! చిక్కినట్టుందేంటి? రోగమేమన్నా వచ్చిందా?"

"రోగమా పాడా! కాస్త నీరసం, అంతే. తోటగాలి తగిలితే కోలుకుంటుంది."

సవరమ్మ మొహం విప్పారింది. ఇన్నేళ్లలో ఆ ఇంటి నుంచి పనికొచ్చేదీ, ఇష్టంగా పెంచుకున్నదీ తోటకు రావడం అదే మొదలు. "చూశావా, అమ్మగారు నన్ను నమ్మి ఇచ్చారు" అని మొగుడితో అనడం, వెనుదిరిగిన పుష్పవతికి వినబడింది. ఆమె అడుగులు తొందరపడ్డాయి.

ఆ తర్వాత కీర్తిప్రియ వచ్చింది. ఏప్రిల్లో ఆడపిల్లను కన్నది. పథ్యాలు, స్నానాలు, సాంబ్రాణి పొగలతో ఇంట్లో ఊపిరాడలేదు. అది మంచి సాకు. పుష్పవతి తోట గడప తొక్కలేదు. "జున్ను ఎలా ఉందండీ?" అని భర్తను అడిగేది. "బానే ఉందంట" అనేవాడాయన. నల్లపిల్లి సంగతి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

మే నెల, కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర కృష్ణారావు పప్పు కలుపుకుంటూ అన్నాడు. "సవరమ్మ పిల్లికూనలు రెండు పోయాయంట."

పుష్పవతి చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఎండలకి పోయుంటాయి" అంది. ఆ మాట అన్న తన నోరంటే తనకే అసహ్యం వేసింది.

వెళ్లి చెప్పేయాలి అనుకుంది. రేపు వెళ్దాం అనుకుంది. రేపు వస్తే ఎల్లుండి. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఏమని చెప్పాలి? ఇలా ఆలోచిస్తుండగానే మూడోది కూడా పోయిందన్న కబురొచ్చింది. ఇక చెప్పి ఏం లాభం అనుకుంది. చూశారా, ఎంత తెలివైన మనిషో!

పది రోజుల తర్వాత, సాయంత్రం నాలుగింటికి, సవరమ్మే వచ్చింది. ఎప్పటిలాగే పెరటి గుమ్మం దగ్గర ఆగింది. కళ్లు వాచి ఉన్నాయి.

పుష్పవతి గబుక్కున లేచింది. తెలిసిపోయింది, అడగడానికే వచ్చింది అనుకుంది. మాట్లాడే ధైర్యం లేక ముందు టీ పెట్టి తెచ్చి పోసింది.

సవరమ్మ టీ తాగలేదు. "తప్పయిపోయిందమ్మగారూ" అంది.

"ఏంటి?"

"మా దరిద్రపు పిల్లులకి ఏదో తెగులు తగిలింది. కూనలు మూడూ పోయినయ్. నల్లదానికి నోరంతా పుండ్లే. నిన్నట్నుంచి మీ జున్ను కూడా తినట్లేదు. నమ్మి నా చేతిలో పెట్టారు. దానికి నా పిల్లుల రోగం అంటించేశా."

పుష్పవతి పైట కొంగు సర్దుకుంది.

"మొదట్లో జున్నుకి వేరే పళ్లెం పెడదామనే అనుకున్నానమ్మా" అంటూ కళ్లు తుడుచుకుంది సవరమ్మ. "పరాయిచోటికి వచ్చింది కదా, వేరుగా పెడితే చిన్నబుచ్చుకుంటదేమో అనిపించింది. అందుకే మా వాటితో కలిపి పెట్టా. నా బుద్ధి గడ్డి తిన్నది."

సవరమ్మ చేతిలో ఉన్నది పెరటి గోడ మీద ఉండే గ్లాసు. అది వంటింట్లోకి రాదు. సవరమ్మే తాగి, సవరమ్మే కడిగి, మళ్లీ గోడ మీద బోర్లించి పోతుంది. పదిహేనేళ్లుగా అంతే. ఎవరూ నోరు విడిచి అన్నది లేదు, అందుకే ఎవరికీ తప్పనిపించలేదు. పుష్పవతికి మొదటిసారి ఆ గ్లాసు కనబడింది. తల కొట్టేసినట్టయింది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"జున్ను అన్నా దక్కాలమ్మగారూ. పొద్దుగూకేలోపు నల్లదాన్ని సంచిలో కట్టి కొండూరు అవతల వదిలేసి రమ్మని మా ఆయనకి చెప్పా. ఏడేళ్లబట్టి నా కాళ్లల్లో తిరుగుద్ది. అయినా మీ జున్ను కన్నా ఎక్కువా?"

చెప్పాల్సిన క్షణం అదే. ఒక్క మాట చాలు. పుష్పవతి అన్నది మాత్రం ఇదీ. "బాధపడకు సవరమ్మా. నీ తప్పేముందిలే."

క్షమించింది! తను చేసిన పాపానికి ఆ మనిషిని తను క్షమించింది! సవరమ్మ ఆ మాటకే పొంగిపోయి, "మీది చల్లని మనసు" అని దణ్ణం పెట్టి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

పుష్పవతి పెరటి మెట్టు మీద కూలబడింది. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. కూతురు ఎత్తుకుని జోకొడుతోంది. ఈ పిల్లకు ఏమీ కాకూడదనే కదా చేశాను అని తనకు తను చెప్పుకోబోయింది. ఆ సర్దుబాటు మనసుకు ఎక్కలేదు. పిల్లకు ఏమీ కాదని డాక్టరు చెప్పాడు. వియ్యపురాలి ముందు మాట పడలేక చేసింది, అంతే. చీకటి పడేలోగా నల్లపిల్లి సంచిలో పోతుంది. పోయిన చోట ఇంకెన్ని పిల్లులుంటాయో!

ఆమె ఇంటి చెప్పులతోనే లేచింది.

"ఎక్కడికమ్మా ఈ వేళప్పుడు?" అంది కీర్తిప్రియ.

"తోటకి. సిగ్గుమాలిన పని ఒకటి చేశాను. చెప్పేసి వస్తాను."

ఆటో తోట మలుపు తిరిగేసరికి సలోమోను మోపెడ్ స్టార్టు చేస్తున్నాడు. వెనక కట్టిన గోనెసంచి కదులుతోంది. లోపలి నుంచి బొంగురు అరుపు. సవరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని పాక గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగు సలోమోనూ! దింపు, ఆ సంచి దింపు!"

ఆటో ఆగకముందే దూకినంత పని చేసింది. రొప్పుతూ సవరమ్మ ఎదుటికి వచ్చింది. మాటలు వెతుక్కుంటే మళ్లీ పిరికితనం వస్తుందని గబగబా చెప్పేసింది.

"రోగం నీ పిల్లులది కాదు సవరమ్మా. నా పిల్లిది. జనవరిలోనే డాక్టరు చెప్పాడు. ఇంకో పిల్లితో కలపొద్దన్నాడు, కూనలు అసలు తట్టుకోలేవన్నాడు. అన్నీ తెలిసే తెచ్చి నీ దగ్గర వదిలాను. నువ్వు అడిగితే అబద్ధమాడాను. ఇందాక నువ్వేడుస్తుంటే కూడా చెప్పలేదు."

సలోమోను ఇంజను ఆపేశాడు. సంచి మూతి విప్పాడు. నల్లపిల్లి తూలుకుంటూ వెళ్లి మంచం కిందికి దూరింది. అక్కడే పడుకుని ఉన్న జున్ను మెడ సాచి దాని చెవులు నాకింది.

"మనుషులకి?" అంది సవరమ్మ.

"రాదు."

"ఆ రోజు మా కూనల్ని చూశారు కదమ్మా మీరు?"

"చూశాను."

అంతే. సవరమ్మ ఖాళీ సంచి తీసి మడత పెట్టింది. తిట్టి ఉంటే పుష్పవతికి కాస్త ప్రాణం నిమ్మళించేది. "నాలుగు మాటలు అను సవరమ్మా, పడతాను" అంది.

"అంటే ఏమొస్తదమ్మగారూ? మీరు చెప్పినా నేను ఉంచుకునేదాన్నే. పాక వెనకాల తడిక కట్టి విడిగా సాకేదాన్ని. రోగిష్టిదని కాదనేదాన్నా?"

పుష్పవతికి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే, ఆ వేళ డాక్టరు చెప్పినవన్నీ ఇప్పుడు చెప్పింది. టానిక్ ఎన్ని చుక్కలో, నోటి పుండ్లకు ఏ మందో, చికెన్ ఎంత మెత్తగా చిదమాలో, చిగుళ్లు పాలిపోతే ఏం చేయాలో పూసగుచ్చినట్టు చెప్పింది. సవరమ్మ ప్రతిదీ ఒకసారి తిరిగి అని చూసుకుంది.

"రెండింటినీ బుట్టలో పెట్టివ్వు. ఇంటికి తీసుకెళ్తాను. ఒక గది వాటికే ఇస్తాను, నా చేతులతో చూసుకుంటాను. ఎవరేమనుకున్నా సరే" అంటూ పుష్పవతి మంచం వైపు వంగింది.

సవరమ్మ వచ్చి మంచానికి అడ్డంగా కూర్చుంది. గొంతు పెంచలేదు. మర్యాద తప్పలేదు.

"వద్దులెండమ్మగారూ. రేపు మేమే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. జున్నుని మాత్రం మీకివ్వను. మళ్లీ ఎవరింటికి పంపుతారో మీరు."