గాలిచాటున

ఇవానోకి తన వీపంటే మహా గర్వం. పెళ్ళయిన ఈ ఇరవై ఏళ్ళలో ఏ సెలవుకు వెళ్ళినా, ఏ రోడ్డెక్కినా అతని సైకిలే ముందు, భార్య మొరేనా సైకిలు వెనక. ఎదురుగాలంతా తన ఛాతీకి తగలనిచ్చి ఆమెకు చాటివ్వడం మొగుడి ధర్మమని అతని నమ్మకం. నిజానికి సైకిలు తొక్కేవాళ్ళ మర్యాద వేరు. ముందున్నవాడు కాసేపు గాలిని కాచి, మోచెయ్యి ఆడించి పక్కకు తప్పుకోవాలి. వెనకవాళ్ళు ముందుకు రావాలి. ఇవానో ఊళ్ళో మగవాళ్ళందరికీ మోచెయ్యి ఆడించాడు, భార్యకు మాత్రం ఒక్కనాడూ ఆడించలేదు. అదే ప్రేమ అనుకునేవాడు. కాదన్నవాడిని కొట్టినా కొట్టేవాడు.

ఈసారి ఇటలీ ఉత్తరాన ఉన్న తమ ఊరు ఫెరారా నుంచి సిసిలీ దీవి పడమటి తీరానికి వచ్చారు. ఆ పొద్దున త్రాపానిలో తియ్యటి బన్ను, బాదం మంచుపానకం తిని ఉప్పుమళ్ళ పక్కగా దక్షిణాన మర్సాలాకు పోయే రోడ్డు పట్టారు. దక్షిణపు గాలి మొహాన వేడివేడిగా కొడుతోంది. పాత గాలిమర దగ్గర ఆగి ఫోటోలు దిగుతుంటే సారో తగిలాడు. త్రాపానిలో మందుల షాపు అతనిది. అరవై దాటినా పిక్కలు రాళ్ళలా ఉన్నాయి. సైకిలెక్కినవాళ్ళు ఎంత కొత్తవాళ్ళయినా ‘నువ్వు’ అనే పిలుచుకుంటారు కదా, మొదటి మాటకే చనువు పుచ్చుకున్నాడు.

“మర్సాలాకేనా? నేనూ అటే. పదండి, ఈ పాడుగాలిని ముగ్గురం పంచుకుందాం.”

కాసేపు సారో ముందు తొక్కాడు, కాసేపు ఇవానో. మళ్ళీ తన వంతు ముగిశాక సారో పక్కకు తప్పుకుని, ఇవానోను కాదని వెనకున్న మొరేనాకు మోచెయ్యి ఆడించాడు.

“రా మొరేనా, ఇక నీ వంతు!”

“ఆవిడకు అలవాటు లేదు,” అన్నాడు ఇవానో.

“అలవాటెందుకు గురూ, కాళ్ళున్నాయిగా!”

మొరేనా నవ్వుతూ ఇద్దరినీ దాటేసింది. ఆ నవ్వు ఇవానో చూసి చాలా కాలమైంది. వెంటనే సారో ఆమె చక్రం వెనక చేరాడు. ఇవానోకి ఒళ్ళు మండిపోయింది. తాను ఇరవై ఏళ్ళుగా ఎండలో గాలిలో కాపాడుకొచ్చిన మనిషి వీపు చూస్తూ ఎవడో మాత్రలమ్ముకునేవాడు హాయిగా తొక్కుతున్నాడు! బుద్ధున్న మగాడైతే వాళ్ళ వెనకే ఉండేవాడు. ఇవానోకి పౌరుషం పొడుచుకొచ్చింది.

“నేను ముందెళ్ళి హోటల్లో బల్ల చూస్తా,” అని అరిచి, గేరు మార్చి, రొప్పుతూ రోజుతూ ఇద్దరినీ దాటి వెళ్ళిపోయాడు. తన బలమేమిటో చూపించాననుకున్నాడు. చూపించింది ఏమీ లేదు, పెళ్ళాన్ని పరాయివాడితో వదిలేసి వచ్చాడు. ఆ సంగతి మర్సాలాలో ఖాళీ బల్ల ముందు కూర్చున్నాక గానీ తలకెక్కలేదు.

ఎంతకీ రారే! చక్రం పంక్చరైందా? ఉప్పుమళ్ళకు ఎదురుగా ఉన్న దీవి చూపిస్తానని పడవెక్కించాడా? చల్లటి తెల్లవైను గొంతులో దిగుతున్నా కడుపుమంట ఆరలేదు. చివరికి వచ్చారు. మొరేనా ముందు, సారో వెనక. ఆమె మొహం ఎర్రగా కందింది, పెదాల మీద ఉప్పు మెరుస్తోంది. అంత అందంగా ఉందేమిటని ఇవానోకి కోపం వచ్చింది.

చేప పులుసు పోసిన గోధుమరవ్వ కుస్కుస్ వచ్చింది. సారో రెండు ముద్దలు తిని, ఇవానో భుజం తట్టాడు.

“అదృష్టమంటే నీది గురూ! ఏం గొంతు! ఉప్పుమళ్ళ పొడుగునా పాడుతూనే ఉంది. ఎదురుగాలి కదా, వెనకున్న నాకు ఒక్క ముక్క పోకుండా వినబడింది. ఇలాంటి పాట రోజూ వింటూ తొక్కితే నేను రోమ్ దాకా పోతా!”

“ఆఁ... అవును, బాగా పాడుతుంది,” అన్నాడు ఇవానో.

పచ్చి అబద్ధం. మొరేనా పాట అతను ఒక్కసారి కూడా వినలేదు. ఇంట్లో ఆమె పాడదు, చర్చిలో పెదాలు కదుపుతుంది, అంతే. వీడికి మాత్రం పాడింది. పూట పరిచయానికి పాడింది! ముద్దు పెట్టిందన్నా ఇవానో అంత రగిలిపోయేవాడు కాదేమో.

భోజనం కాగానే సారో అక్కడి అలవాటు ప్రకారం ఇద్దరి బుగ్గలూ ముద్దాడి త్రాపానికి తిరిగిపోయాడు. మొగుడూ పెళ్ళాం మజారా ఊరి రోడ్డెక్కారు. ఇవానో ముందు, మొరేనా వెనక. ఎదురుగాలి చెవుల్లో హోరెత్తుతోంది. ద్రాక్షతోటల దగ్గరకు వచ్చేసరికి ఇక ఓపిక పట్టలేక బ్రేకు వేశాడు.

“వాడికి పాడావట.”

“ఎవరికి?”

“ఆ మందులవాడికి! ఊరంతా వినేలా పాడావట.”

“వాడికేంటి పాడేది! కాళ్ళు తిరుగుతుంటే నాకు పాటొస్తుంది. కుట్టుమిషన్ దగ్గర రాదు, పొయ్యి దగ్గర రాదు. సైకిలెక్కితేనే వస్తుంది. దానికింత రాద్ధాంతమా?”

“మరి నా దగ్గర పాడవేం? ఇన్నేళ్ళలో ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి పాడావా నాకు?”

చూపులు దారి పక్కనున్న మట్టిగోడ వైపు తిప్పుకున్నాడు. అసూయని కప్పిపుచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

మొరేనా సైకిలు దిగి, అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అతను వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది. మొహం చూస్తే కాదని అర్థమైంది.

“రోజూ పాడుతున్నా కదా ఇవానో,” అంది.

“ఎక్కడ?”

“నీ వెనకాల. పెళ్ళైన మర్నాడు నదిగట్టు మీద మొదలుపెట్టాను. ఇప్పుడు కూడా పాడుతున్నాను.”

గాలి ముందునుంచి వెనక్కి పోతుంది. ముందున్నవాడి చెవుల్లో ఉండేది హోరే.

“నువ్వు వింటున్నావనే అనుకున్నా,” అంది మొరేనా మెల్లిగా. “బాగుందని ఎప్పుడూ అనకపోతే, నీకు నచ్చలేదు కాబోలని గొంతు తగ్గిస్తూ వచ్చాను.”