ఎక్కడా ఆగని బండి

అత్తగారి మోకాళ్ళు మొరాయించాక, డిక్కీ పొడుగ్గా ఉండే మా పాత ఎస్టేట్ కారులో కూర్చోవడం, లేవడం ఆవిడకి గగనమైపోయింది. ఎత్తు సీట్లున్న ఎస్‌యూవీ కావాలి. వెనక వీధి పళ్ళ డాక్టరు తన ఎస్‌యూవీ మాకిచ్చి, కుక్కల్ని తిప్పడానికి మా కారు పుచ్చుకుంటానన్నాడు. అంత సుళువుగా ఇస్తున్నాడంటే ఏదో తిరకాసు ఉండే ఉంటుంది.

"అక్కడ మీరు నోరు విప్పకండి," అని మా ఆయనకి ముందే చెప్పాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

మా కారులోనే వెళ్ళాం. డాక్టరు గేటు దగ్గరే పళ్ళన్నీ చూపించాడు. బండి తలుపు తీస్తే గుప్పున సెంటు వాసన. ఏ కంపు కప్పడానికో! మ్యాట్లు ఎత్తి చూశాను. సందుల్లో వేలు పెట్టి చూశాను. ఎక్కడా తుప్పు లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ఇన్నేళ్ళలో ఈ బండి ఎక్కడా ఆగలేదమ్మా," అన్నాడు డాక్టరు.

"ఎక్కడా ఆగదా? అయితే ముందు బ్రేకులు చూడాలి," అన్నాను.

వీధి చివరిదాకా నడిపి, గట్టిగా బ్రేకు తొక్కాను. బండి బుద్ధిగా ఆగింది. నా మొహం మాడిపోయింది. బండిని మళ్ళీ గేటు దగ్గరికి తెచ్చాను.

నా పరువు నిలబెడదామనుకున్నాడు కాబోలు, మా ఆయన మా కారు బ్రేకుల గొప్ప చెప్పబోయాడు.

"మాదానికి ఆ భయమే లేదండీ! ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది!"

అందులో ఎంత నిజముందో మాకే తెలుసు. డాక్టరు నవ్వు ఆపేశాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి, మా కారు బానెట్ మీద తట్టాడు.

"ఏదీ, దీన్ని కూడా నోరు తెరవమనండి."