ఎరుపు ఎవరికి?

“రంగు తీసెయ్!” అని గ్రామపెద్ద ఉచియామా అరిచాడు.

“దొంగని తీసెయ్యాలా? నేనూ అదే అంటున్నా పెద్దయ్యా,” అన్నాడు గెన్‌సాకు, కుంచె ఆపకుండా.

బతుకంతా సుత్తి మోత తిన్న చెవులవి. కనుబొమల్లో రాతిపొడి పేరుకుని, మనిషే సగం చెక్కి వదిలేసిన బొమ్మలా ఉంటాడు. జపాన్‌లోని షిన్షూ కొండల్లో ఆ చుట్టుపక్కల సమాధిరాళ్ళన్నీ అతని చేతిరాతే. తలరాత ఒక్కటే ఇంకెవరో రాశారు.

యుద్ధంలో ఓడాక అమెరికా సైన్యం ఉన్నన్నాళ్ళూ మట్టిలో దాచిన పాత యుద్ధస్మారకాన్ని ఊరు మళ్ళీ నిలబెట్టింది. కింద కొత్తగా, న్యూగినీ అడవిలో ఆకలితో చచ్చిన కుర్రాళ్ళ పేర్లు. వాటిలో గెన్‌సాకు కొడుకు తమేజి పేరూ ఉంది. పైన, వాళ్ళనక్కడ వదిలి విమానమెక్కిన జనరల్ ఒగితా పేరు. యుద్ధనేరాలకు పడ్డ జైలునుంచి విడుదలైన ఆ జనరలే మధ్యాహ్నం ఆవిష్కరణకు వస్తున్నాడు. గెన్‌సాకు కుర్రాళ్ళ పేర్లను ఉత్త రాయిగానే వదిలి, ఆయన పేరును మాత్రం ఎర్రగా నింపాడు.

“బతికున్నోడి పేరు రాయెక్కితే ఎరుపెయ్యాలి, పోయాక ఆ రంగు గీకెయ్యాలి. మీ నాన్న సమాధిమీద మీ అమ్మగారి పేరుకీ అట్లానే వేశా గదా?”

“అది సమాధి, ఇది స్మారకం! ఊరి పరువు తీస్తావా?”

“మావాడి పేరు చెక్కా. చెక్కేసినోడి పేరూ చెక్కమన్నారు, చెక్కా. పద్ధతి మాత్రం నాది.”

“ముసలి వెధవా! నేనొచ్చేలోగా గీకకపోతే నీ శవాన్ని మోసే దిక్కుండదు!”

“అన్నం తిని చూస్తాలే.”

ఉచియామా జనరల్‌ను తీసుకురావడానికి రైలుస్టేషనుకు పరుగెత్తాడు. గెన్‌సాకు కొడుకు పేరుమీద బొటనవేలు ఆనించి, పీఠానికి జారగిలబడ్డాడు.

జనం వచ్చి చూసి, కునుకు తీస్తున్నాడనుకున్నారు. భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు. ఆవిష్కరణకు తెచ్చిన తెల్లగుడ్డే అతనికి కప్పారు. స్మారకం బోసిగా నిలబడి ఉండగానే కారు ఆగింది.

“నా పేరుకే ఎరుపెందుకు?” తెలియనట్టు అడిగాడు జనరల్.

“గౌరవమండి... గౌరవం...” ఉచియామా నీళ్ళు నమిలాడు.

ఇద్దరు కొడుకుల పేర్లు రాయిమీదున్న ఒకిను ముందుకొచ్చింది.

“కాదు దొరవారూ. మీరింకా బతికున్నారని. మావాళ్ళకు చూడండి, వెయ్యలేదు.”

ఎవరూ తల వంచలేదు. జనరల్ వచ్చిన కారులోనే వెనక్కి తిరిగాడు.

పీఠం మీద గెన్‌సాకు అన్నపుముద్ద ఉండిపోయింది, ఒక్కసారే కొరికినది.