పొడి తువ్వాలు

పనిమనిషి ఖమ్లా పండగ నీళ్ళ కోసం బొగ్గుల మీద శీకాయలు తిప్పుతోంది. నల్లబడి వాసన వచ్చినవాటిని ఒక్కొక్కటే తీసి, పసుపు కలిపిన నీళ్ళలో వేస్తోంది. ఆమె ముంజేతుల నిండా గోళ్ళ గాట్లు, పంటి గుర్తులు. చాలావరకు మాని తెల్లబడ్డాయి. మోచేతి దగ్గరది మాత్రం నిన్నటిది. ఆవిరి తగిలినప్పుడల్లా చుర్రుమంటోంది.

గుమ్మంలో దువాన్ తలుపును మోకాలితో కొడుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, మాటలు లేవు. రోజూ పొద్దున్నే వీధి చివరి కొట్టుకు నడిచి వెళ్ళి, జిగురన్నం పొట్లం తన చేత్తో తీసుకోవాలి. ఆ నడక తప్పిన రోజు తల గోడకేసి బాదుకుంటుంది.

“వస్తున్నానమ్మా. తలుపేం పాపం చేసింది?” అంది ఖమ్లా.

దువాన్ తండ్రి ప్రసిత్ బెల్టు బిగించుకుంటూ వచ్చాడు. “అక్కా, నీళ్ళు చల్లే బండ్లు బయల్దేరకముందే తిరిగొచ్చెయ్. మధ్యాహ్నం మా అమ్మ చేతుల మీద అందరితో పాటు ఇదీ నీళ్ళు పొయ్యాలి. పోయినేడులా రచ్చ చేసిందంటే ఇక ఇంట్లో ఉంచను. ఇలాంటి పిల్లల ఆశ్రమం వాళ్ళతో మాట్లాడేశాను.”

“పోస్తుంది బాబూ.”

“చూద్దాం.”

పోయినేడు ఇదే సొంక్రాన్ నాడు, కొత్త సంవత్సరపు నీళ్ళ పండగనాడు, ఎవరో చిలకరించిన చుక్క దువాన్ మొహాన పడింది. పిల్ల పక్కనున్న మేనత్త చెయ్యి ఎముక తగిలేదాకా కొరికింది. చుట్టాలందరి ముందూ ప్రసిత్ బెల్టు తీశాడు. ఖమ్లా పిల్ల మీద బోర్లా పడుకుంది. బెల్టు బిళ్ళ విరిగేదాకా అతను ఆగలేదు. విరిగాక కూర్చుని ఏడ్చాడు.

ఆ మర్నాటి నుంచి ఖమ్లా పిల్లకు నీళ్ళు అలవాటు చేసింది. ముందు వేలు తడపడం, వెంటనే పొడి తువ్వాలుతో తుడవడం. తర్వాత అరచేయి. ఆ తర్వాత కొబ్బరిచిప్పతో తన చేతుల మీద పోయించుకోవడం. ప్రతిసారీ తుడవడం. తువ్వాలు కనిపిస్తేనే దువాన్ నీళ్ళ దగ్గరికి వచ్చేది.

ఖమ్లా ఆ తువ్వాలును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రవికలో దోపుకుంది. గొడుగు తీసుకుంది.

కొట్టు ఇంకా రెండిళ్ళ దూరంలో ఉండగా బండి మలుపు తిరిగింది. వెనక పీపాలు, పీపాల్లో మంచుదిమ్మలు, చుట్టూ అరడజను మంది కుర్రాళ్ళు. పాట మోతకు గోడలు అదురుతున్నాయి.

“అమ్మమ్మా, గొడుగు ఎండకా, మాకా?”

“మీకే నాయనా. పిల్లకి నీళ్ళు పడవు, పోనివ్వండి.”

“పండగపూట పడకపోవడమేంటి? మేం పడేలా చేస్తాంగా.”

ఒకడు గొడుగు లాగి రోడ్డు మీదకు విసిరాడు. ఖమ్లా పిల్లను గోడ వైపు తిప్పి, తన వీపు అడ్డం పెట్టింది. మొదటి బకెట్‌కు ఊపిరి ఆగింది. రెండోది మెడ మీద పడింది. మూడో బకెట్ నీళ్ళలోంచి పిడికిలంత మంచుగడ్డ వచ్చి చెవి వెనక తగిలింది. గోడ కళ్ళముందు తెల్లగా వెలిగి మళ్ళీ గోడ అయింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. బండి వెళ్ళిపోయింది.

దువాన్ చెంప మీద ఒక్క చుక్క పడింది. పిల్ల కేకపెట్టి ఖమ్లా భుజం కొరికింది. భుజం వదిలించుకోకుండానే ఖమ్లా సంచి విప్పి, తువ్వాలు తీసి, చెంప తుడిచింది. తుడిచేకొద్దీ పళ్ళ పట్టు సడలింది.

కొండల అవతల తన ఊరికి సైనికులు నిప్పుపెట్టిన రోజున ఖమ్లా తమ్ముడికి ఇదే వయసు. పుట్టు చెవిటివాడు. ఆగమని వాళ్ళు అరిచింది వినపడక పరిగెత్తాడు. ఖమ్లా అప్పుడు పొదలో నోరు మూసుకుని కూర్చుంది. తర్వాత ఈ దేశం వచ్చి ఎన్ని ఇళ్ళలో పనిచేసినా, మాటలు రాని పిల్ల ఉన్న ఈ ఇంట్లోనే నిలబడింది.

చెవి వెనక తడుముకుంటే నెత్తురు. లుంగీ అంచుకు తుడుచుకుంది. ఊచ వంగిన గొడుగును రోడ్డు మీంచి ఏరుకుంది. తువ్వాలును మళ్ళీ సంచిలో చుట్టి రవికలో పెట్టుకుంది. జిగురన్నం పొట్లం దువాన్ తన చేత్తోనే తీసుకుంది.

ఇంటికొచ్చాక ప్రసిత్ తల్లి, ముసలమ్మ బున్మా చూసింది. “ఎవడే కొట్టింది?”

“మంచుగడ్డమ్మా. పండగ కదా.”

“నీ మొహం పండగ. పోయి పడుకో.”

“పిల్ల నీళ్ళు పోసినాక.”

మధ్యాహ్నం చుట్టాలు చాపల మీద కూర్చున్నారు. పోయినేడు కట్టు కట్టించుకున్న చేతిని గుర్తుచేస్తున్నట్టు మేనత్త దూరంగా జరిగింది. దువాన్ కొబ్బరిచిప్ప ముంచింది. ఖమ్లా పక్కనే ఉంది, చెయ్యి మాత్రం వెయ్యలేదు. పచ్చటి నీళ్ళు ముసలమ్మ దోసిట్లో సన్నగా పడ్డాయి.

నీళ్ళు పోసినవాళ్ళ తల మీద తడిచేయి పెట్టి దీవించడం పెద్దల అలవాటు. శ్వాసలాంటి అలవాటు కాబట్టే ఏడాదిపాటు అది ఎవరికీ గుర్తురాలేదు, ఖమ్లాకు కూడా. బున్మా కళ్ళు మూసుకుని తడిచేయి ఎత్తింది.

దువాన్ భుజాలు పైకి లేచాయి. పెదవులు పళ్ళ మీంచి తొలగాయి. ప్రసిత్ చెయ్యి బెల్టు మీదకు వెళ్ళింది.

ఖమ్లా తువ్వాలు విదిలించి పిల్ల తల మీద కప్పింది. తడిచేయి తువ్వాలు మీద పడింది. దువాన్ గొంతులో గుర్రుమంది. పిల్ల ఖమ్లా మణికట్టు పట్టుకుని గోళ్ళు దించింది. నెత్తురు చిమ్మింది. కానీ కొరకలేదు.

“పచ్చగా ఉండు తల్లీ,” అంది బున్మా. కళ్ళు తెరిచి కొడుకును చూసింది. “ఆ చెయ్యి ఇంక దించరా.”

ప్రసిత్ చెయ్యి తీశాడు. “ఆశ్రమం వాళ్ళకి వద్దని చెప్తాలే,” అన్నాడు.

ఖమ్లా వంటింటి వెనక వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని, చాప పరుచుకుని, “కాసేపు కన్ను మూస్తా,” అంది. దువాన్ తువ్వాలుతో పక్కన కూర్చుంది.

భోజనానికి పిలవడానికి మేనత్త వచ్చింది. దువాన్ వంగి, ఖమ్లా చెవి వెనక తువ్వాలుతో తుడుస్తోంది. అక్కడ తుడవడానికి తడి ఏమీ లేదు. మేనత్త ఖమ్లా పాదం తాకి చూసింది, చల్లబడిపోయి ఉంది. అక్కడే చతికిలబడింది.

మర్నాడు పొద్దున దువాన్ గుమ్మంలో మోకాలితో తలుపు కొట్టింది. వీధిలో బండ్ల పాట మొదలైంది. ప్రసిత్ ఊచ వంగిన గొడుగు తీసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

ఎవరో ఉతికి ఆరేసిన తువ్వాలు పెరట్లో తీగ మీదే ఉంది. ఎండకు పెళపెళా ఎండిపోయి, మధ్యలో ఉతికినా పోని పసుపు అరచేతి అచ్చుతో.